పాప్‌కార్న్ మిగిలితే హిట్టు

సినిమా మీద అభిప్రాయం లేని మనిషిని నేనింతవరకూ చూడలేదు. పొద్దున ఏ చొక్కా వేసుకోవాలో భార్యనడిగి తెలుసుకునేవాడు కూడా సినిమా హాల్లోంచి బయటికొచ్చేసరికి పెద్ద మేధావి అయిపోతాడు. "సెకండాఫ్‌లో ఓ పావుగంట లేపెయ్యాలి" అంటాడు. ఏ పావుగంట అని అడిగితే చెప్పలేడు. పావుగంట మాత్రం లేపెయ్యాల్సిందే.

ఈ మేధావులందరి మధ్యా పద్దెనిమిదేళ్లుగా టికెట్ కౌంటర్లో కూర్చుని బతుకుతున్నాను. మాది మూడు స్క్రీన్ల థియేటరు. నా కిటికీకి ఎడమవైపు లోపలికెళ్లే తలుపు, కుడివైపు బయటికొచ్చే మెట్లు. వెళ్లేవాళ్ల ఆశలు ఒక చెవిలో, వచ్చేవాళ్ల తిట్లు ఇంకో చెవిలో పడుతుంటాయి. నేను కొన్ని సినిమాలు చూస్తాను, చాలావాటిని చూడను, చెప్పడం మాత్రం అన్నిటి గురించీ చెబుతాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుండేది. ఆ మాట నిజమేనని నేనూ చాలాకాలం నమ్మాను.

కానీ అసలు విషయం నా గురించి కాదు. మా వదిన గురించి. మా థియేటర్లో సినిమా గురించి సరిగ్గా చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కతే. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆవిడ ఒక్క సినిమా కూడా మొదట్నుంచీ చూడలేదు.

వదిన అక్కడ చీపురు పట్టే మనిషి. ఆ పనిలో పెట్టించింది నేనే. ఆటకీ ఆటకీ మధ్య పదిహేను నిమిషాలుంటాయి. ఆ కాసేపట్లోనే రెండొందల సీట్ల కింద ఊడ్చి, బస్తాలు కట్టి, బయటికి లాగాలి. అందుకని సినిమా అయిపోవడానికి పది నిమిషాల ముందే బస్తా, చీపురు పట్టుకుని తలుపు పక్కన చీకట్లో నిలబడేది. అలా పదకొండేళ్లలో కొన్ని వందల సినిమాల చివరి పది నిమిషాలు చూసింది. ఎంతమంది విలన్లు చావగా చూసిందో లెక్కలేదు. వాళ్లేం పాపం చేశారో మాత్రం ఆవిడకి తెలీదు.

"ఆ పిల్ల ఎందుకేడుస్తోందో నాకు తెలీదయ్యా," అనేది బయటికొచ్చి. "కానీ అది నిజం ఏడుపు కాదు. ముక్కు ఎర్రబడలేదు."

ఇలాంటి మాటలు పేపర్లో రాసేవాడి చేత రాయించండి చూద్దాం. ఆయన ప్రతి శుక్రవారం పాసు మీద వస్తాడు, ఏసీలో ఓ కునుకు తీస్తాడు, మర్నాడు రెండుముప్పావు నక్షత్రాలిస్తాడు. ఆ ముప్పావు కొలవడానికి ఏ గరిటె వాడతాడో అడగాలని నాకెప్పట్నుంచో కోరిక.

వదిన నక్షత్రాలివ్వదు. చెత్తని చూస్తుంది.

"మంచి సినిమా అయితే మనుషులు తినడం మర్చిపోతారు," అని ఒకరోజు మెట్లమీద కూర్చుని నాకు పాఠం చెప్పింది. "డబ్బా ఒళ్లో ఉంటుంది, చెయ్యి డబ్బాలో ఉంటుంది, కళ్లు తెరమీద ఉంటాయి. సగం పాప్‌కార్న్ అలాగే మిగిలిపోతుంది. చెత్త సినిమా అనుకో, వేరే పనేముంది, నవుల్తారు. అడుగున పేలని గింజలు కూడా వదలరు."

"మరి ఏడుపు సినిమాకి?"

"కాయితం రుమాళ్లు చూడాలి. ముద్ద చేసి పడేస్తే ఏడ్చినట్టు. మడత విప్పకుండా సీట్లో వదిలేస్తే, ఏడిపిద్దామని తీశారు గానీ వీళ్లకి రాలేదన్నట్టు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చెప్పిన ప్రతి సినిమా చెప్పినట్టే ఆడింది, లేదా పోయింది.

ఇంటి దగ్గర మాత్రం ఈ విద్యకి గుర్తింపు సున్నా. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. ఆదివారం సోఫాలో కూర్చుని ఫోన్లో ఒక సినిమా పూర్తిగా, పేర్లతో సహా చూస్తాడు. "ఎలా ఉంది?" అంటే "పర్లేదు" అంటాడు. "కథేంటి?" అంటే "ఏదో ఉంది" అంటాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఇల్లు మారాలన్నా, కూతుర్ని ఏ కాలేజీలో చేర్చాలన్నా ఆ పర్లేదు మనిషే నిర్ణయించేవాడు. వదిన కూర వండి పెట్టేది.

మా మేనేజరు అభిరుచి ఇంకా గొప్పది. ఆయనకి గుర్రాలంటే ఇష్టం. సినిమాలో గుర్రం ఉంటే హిట్టు, రెండుంటే సూపర్ హిట్టు. వచ్చేవారం ఏ సినిమాకి ఎన్ని ఆటలివ్వాలో ఈ లెక్కనే తేల్చేవాడు. ఒక శుక్రవారం ఆయన అరవై గుర్రాల సినిమా ఒకటి చూసి, ఆనందం పట్టలేక వరండాలో పచార్లు చేస్తున్నాడు. వదిన బస్తా లాక్కుంటూ పక్కనుంచి వెళ్లింది.

"ఏమ్మా, అదిరిపోయింది కదూ?" అన్నాడు ఊరికే, మాట వరసకి.

"పోతుంది సార్," అంది వదిన. "డబ్బాలు నాకి పెట్టారు."

సోమవారానికి అరవై గుర్రాలూ కళ్లాలతో సహా పోయాయి. ఆ తర్వాత నాలుగు వారాలు మేనేజరు ఆవిడని పరీక్షించాడు, నాలుగుసార్లూ ఆవిడే నెగ్గింది. దాంతో అదో పద్ధతి అయిపోయింది. శుక్రవారం మొదటి ఆట వదలగానే మేనేజరు వరండా చివర నిలబడేవాడు. వదిన బస్తా చేత్తో ఎత్తి బరువు చూసి, మూతి విప్పి లోపలికో చూపు చూసి చెప్పేది. ఆయన తలూపి పైకెళ్లి ఆటలు సర్దేవాడు. బయట మాత్రం ఇదంతా తన అనుభవమని చెప్పుకునేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఎవరు కాదంటారు.

అలా నడుస్తుండగా ఒకనాడు నోటీసు బోర్డు మీద కాయితం అంటించారు. ఒకటో తారీఖు నుంచి శుభ్రం చేసే పని ఒక కంపెనీకి ఇచ్చేస్తున్నారు. యంత్రాలు, నీలం రంగు బట్టలు వాళ్లే తెచ్చుకుంటారు. ఉన్న ఆరుగురూ ఇళ్లకెళ్లొచ్చు. ఆ కాయితం కిందే ఇంకో ముక్క కూడా ఉంది: టికెట్లకి మెషీను వస్తోంది, రెండు కౌంటర్లలో ఒకటే ఉంటుంది. ఆ రెండో ముక్క నేను రోజుకి నాలుగుసార్లు చదివేవాణ్ణి.

మేనేజరు వదినని పిలిచి, "నిన్ను ఉంచుతానమ్మా. కంపెనీ మనుషుల మీద అజమాయిషీకి ఒకరు కావాలి. శుక్రవారం మాట ఎవరు చెబుతారు నాకు?" అన్నాడు.

ఆ రోజు వదిన నా కిటికీ దగ్గరికొచ్చి చాలాసేపు నిలబడింది. అంత సంతోషం ఆ మొహంలో నేను తన కూతురు పుట్టినప్పుడు కూడా చూడలేదు.

"ఇంట్లో కూర్చుని హాయిగా ఉండొచ్చుగా, అన్నయ్య సంపాదిస్తున్నాడు," అన్నాను, ఏడిపిద్దామని.

"మీ అన్నయ్య మొహం చూస్తూ కూర్చోమంటావా? అందులో ఇంటర్వెల్ కూడా ఉండదు." తర్వాత గొంతు తగ్గించి, "నీకు తెలీదయ్యా," అంది. "ఇరవై ఏడేళ్ల కాపురంలో నువ్వేమంటావ్ అని నన్నడిగిన మనిషి లేడు. ఇక్కడ శుక్రవారం శుక్రవారం అడుగుతారు. చేతిలో చీపురున్నా సరే, అడుగుతారు. అది పోతే నాకు మిగిలేది అంట్లగిన్నెలే."

నేను కిటికీలోంచి నా టీ గ్లాసు ఆవిడ ముందుకి జరిపాను.

ఆ నెల ఆఖరి శుక్రవారం రెండు సినిమాలొచ్చాయి. ఒకటి పెద్దది. అందులో హీరో భూగోళాన్ని రక్షిస్తాడు, మధ్యలో సమయం దొరికితే గుర్రమెక్కుతాడు. రెండోది చిన్నది. అరవై ఏళ్ల ముసలావిడ సైకిల్ తొక్కడం నేర్చుకుంటుంది, అంతే కథ. "ముసలావిడ సైకిల్ నేర్చుకుంటే మనకేంటట," అని నేనూ నా కిటికీ లోంచి నలుగురికి చెప్పాను. నలుగురూ ఆ మాటతో భూగోళాన్ని రక్షించడానికి వెళ్లారు.

ఇక్కడ క్యాంటీను సంగతి చెప్పాలి. క్యాంటీను నడిపేది మేనేజరు బామ్మర్ది. అంతకుమించి ఆయనకి వేరే అర్హత లేదు, అవసరమూ లేదు. ఆ శుక్రవారం మొదటి ఆటలో, ఇంటర్వెల్ అయ్యాక, ఆకలేసి ఒక పాప్‌కార్న్ డబ్బా తెచ్చుకున్నాను. రెండు గింజలు నోట్లో వేసుకునేసరికి నాలుక అట్టకట్టింది. వెళ్లి అడిగాను.

"ఏంటండీ ఇది, ఉప్పు బస్తా ఒలికిపోయిందా?"

ఆయన చుట్టూ చూసి, కన్నుగీటి, "కావాలనే వేశాను. ఉప్పెక్కువైతే దాహమేస్తుంది. దాహమేస్తే కూల్‌డ్రింకు కొంటారు. వ్యాపారం నీకేం తెలుసు," అన్నాడు.

ఎవరైనా గొడవ చేస్తే చూపించడానికి "కొత్త రుచి" అని ఒక బోర్డు కూడా రాయించి పెట్టాడు. ఆయన తెలివికి నవ్వుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. డబ్బా చెత్తబుట్టలో పడేశాను. నా బుర్రలో అంతకుమించి ఏమీ వెలగలేదు.

అరగంటకి ఆట వదిలారు. వదిన మొదటి స్క్రీన్ నుంచి ఒకటి కాదు, నాలుగు బస్తాలు లాక్కొచ్చింది. అంతకు పావుగంట ముందే వదిలిన మూడో స్క్రీన్లో సైకిల్ ముసలావిడ దగ్గర ముప్పైమంది ఉన్నారు, అందరూ పెద్దవాళ్లే, పాప్‌కార్న్ కొన్నవాళ్లు నలుగురు కూడా లేరు. అక్కడి చెత్త ఒక చేతిసంచీలోకి సరిపోయింది.

మేనేజరు వరండాలో నిలబడ్డాడు. వదిన బస్తా మూతి విప్పింది. డబ్బాలన్నీ నిండుగా ఉన్నాయి, కొన్నిటిలో రెండు గింజలు కూడా తగ్గలేదు. వాటి మధ్య ఖాళీ కూల్‌డ్రింకు గ్లాసులు ఎప్పుడూ లేనన్ని ఉన్నాయి. వాటిని ఆవిడ చూసింది గానీ పట్టించుకోలేదు.

"ఎలా ఉందమ్మా?"

"నాకైతే చివర నచ్చలేదు సార్," అంది వదిన. "అంతమంది చచ్చారు, ఒక్కడి మొహంలో కూడా చచ్చిన దిగులు లేదు. ఆ సైకిలావిడ చివర బాగుంది. బ్రేకు వెయ్యడం రాక గోడకి గుద్దుకుని నవ్వింది చూడండి, నాకు కళ్లనీళ్లొచ్చాయి."

"నీకు నచ్చడం కాదమ్మా. బస్తా ఏమంటోంది?"

వదిన ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నాకిప్పటికీ కనిపిస్తుంది. తన కళ్లు ఒకటి చెబుతున్నాయి, తన పదకొండేళ్ల విద్య ఇంకోటి చెబుతోంది. విద్యనే నమ్మింది. మీరైనా, నేనైనా అదే చేసుండేవాళ్లం.

"ఇంత మిగలడం నేనెప్పుడూ చూడలేదు సార్. పెద్ద హిట్టు," అంది.

మేనేజరు సాయంత్రానికల్లా మూడు స్క్రీన్లూ భూగోళానికి ఇచ్చేశాడు. సైకిల్ ముసలావిడని ఎత్తేశాడు. ఎదురు వీధి థియేటరువాళ్లు ఆవిడని శనివారం తీసుకున్నారు. ఆదివారానికి అక్కడ కుర్చీలు చాల్లేదు, జనం మెట్లమీద కూర్చున్నారట. మా దగ్గర భూగోళాన్ని రక్షిస్తుంటే చూడ్డానికి ఒక్కో ఆటకి పాతికమంది వచ్చారు, అందులో సగం ఏసీ కోసం.

సోమవారం మధ్యాహ్నం వదిన నా దగ్గరికొచ్చింది. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది.

"ఇదేంటయ్యా? మనుషులు లేరు, కానీ ఉన్న పాతికమందీ డబ్బాలు నిండుగా వదిలేసి పోతున్నారు. నాకర్థం కావట్లేదు. ఒక డబ్బా పాప్‌కార్న్ తెచ్చిపెట్టు."

పదకొండేళ్లుగా బస్తాలకొద్దీ పాప్‌కార్న్ ఎత్తిన మనిషి అది నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి. ఒక గింజ తీసి నమిలింది. మొహం చిట్లించింది. ఇంకోటి నమిలింది. అప్పుడు నావైపు తిరిగింది.

"ఇందులో ఉప్పు చూశావా?"

"ఆ, చూశాను," అన్నాను.

"ఎప్పుడు?"

అబద్ధమాడొచ్చు. కానీ ఉన్నది కక్కెయ్యడం ఈ నోటికి అలవాటు. "శుక్రవారం."

"శుక్రవారం ఎప్పుడు?"

"మొదటి ఆటలో. ఇంటర్వెల్ అయ్యాక. ఆ బామ్మర్దే కావాలని వేశానన్నాడు, కూల్‌డ్రింకుల కోసం."

వదిన చేతిలో డబ్బా కౌంటరు మీద పెట్టింది. "ఊళ్లోవాళ్ల విషయాలన్నీ చెబుతావు కదయ్యా," అంది. "ఈ ఒక్కటీ నాకు చెప్పుంటే."

"నాకు తట్టలేదు వదినా."

"సరే, తట్టలేదు. ఇప్పుడు తట్టింది కదా. పద, ఆయనకి చెబుదాం."

మేనేజరు గదిలో ఫ్యాను కింద బామ్మర్దిగారు కూడా ఉన్నారు, కాళ్లు చాపుకుని, బావగారి బల్లమీద మోచెయ్యి ఆనించి. మేనేజరు మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు. "రామ్మా, నీకోసమే చూస్తున్నా. నమ్మినందుకు నిలువునా ముంచావు. ఓనరు పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తున్నాడు, ఎవరు చెప్పారని మూడు స్క్రీన్లూ ఇచ్చావని. చెత్త చూసి ఇచ్చానని చెప్పనా?"

"తప్పు నాదే సార్, కాదనను," అంది వదిన. "కానీ బస్తా అబద్ధం చెప్పలేదు. పాప్‌కార్న్‌లో ఉప్పు ఎక్కువ వేశారు. అందుకే ఎవరూ తినలేదు. సినిమా బాగుండి కాదు. శుక్రవారం నుంచీ ఇదే వరస."

బామ్మర్ది మోచెయ్యి తీశాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా పాప్‌కార్న్ మీద పడ్డావేంటమ్మా? ఉప్పు ఎప్పుడూ వేసేంతే వేశాం."

"మా మరిది తిన్నాడు సార్. శుక్రవారమే తిన్నాడు. ఆయన్నడగండి."

మేనేజరు నావైపు చూశాడు. బామ్మర్ది కూడా చూశాడు. ఆయన చూపులో కోపం లేదు, గుర్తుచేయడం ఉంది. రెండు కౌంటర్లు, ఒక మెషీను, ఒక కాయితం, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. గట్టిగా ఒక్క ముక్క చెబితే చాలు. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ అడక్కుండానే లక్ష ముక్కలు చెప్పిన నోరు.

"ఏమయ్యా, నిజమేనా?" అన్నాడు మేనేజరు.

"నేను టికెట్ల దగ్గరుంటాను సార్," అన్నాను. "క్యాంటీను సంగతి నాకు సరిగా తెలీదు."

వదిన నన్ను తిట్టలేదు. నావైపు చూసింది, అంతే. నేను పద్నాలుగేళ్ల వయసులో జ్వరంతో పడుకుంటే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసిన మనిషి అలా చూస్తే, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డం తప్ప నాకింకేం చేతకాలేదు. సిగ్గేసింది. సిగ్గేసినా నోరు తెరవలేదు.

ఒకటో తారీఖున కంపెనీవాళ్లు వచ్చారు. నీలం బట్టలు, మూతికి గుడ్డలు, ఏనుగులా అరిచే ఒక యంత్రం. వాళ్లు ఆట పూర్తిగా వదిలాకే లోపలికెళ్తారు, ఎవరికీ ఏ చివరా తెలీదు. కౌంటర్లలో నాది ఉంచారు. క్యాంటీనులో ఉప్పు తగ్గించారు, బోర్డు మీద "పాత రుచి" అని రాశారు. శుక్రవారం మేనేజరు నా కిటికీ దగ్గరికొచ్చి, "ఏమయ్యా, ఎలా ఉంది?" అని అడగడం మొదలుపెట్టాడు. పోస్టర్ చూసి చెబుతున్నాను. పదిట్లో ఆరు తప్పుతున్నాయి. ఆయన మళ్లీ గుర్రాల్ని లెక్కపెట్టుకుంటున్నాడు.

అన్నయ్యకి అసలు ఏం జరిగిందో వదిన చెప్పలేదు. పని పోయిందని మాత్రం చెప్పింది. ఆయన "పర్లేదు" అన్నాడట.

రెండు నెలలకి, ఒక బుధవారం మధ్యాహ్నం, వదిన వచ్చింది. మంచి చీర కట్టుకుంది, చేతిలో చిన్న సంచీ ఉంది. వరసలో నిలబడి తనవంతు రాగానే రెండో స్క్రీన్‌కి ఒక టికెట్ అడిగింది. అన్నదమ్ముల సినిమా. నేను పాసు ఇస్తానన్నాను.

"వద్దు. టికెట్ ఇవ్వు," అంది. "మొదట్నుంచీ చూడాలి."

ఆట మొదలవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అయినా లోపలికెళ్లిపోయింది. రెండున్నర గంటలు నాకు ఏ పనీ సాగలేదు, ఇద్దరికి తప్పు సీట్లు ఇచ్చాను. ఆట వదిలి అందరూ వెళ్లిపోయాక, నెమ్మదిగా మెట్లు దిగి నా కిటికీ ముందుకొచ్చింది.

"ఎలా ఉంది వదినా?" అన్నాను. ఆ ప్రశ్న అడగ్గానే నాకు కొంచెం తేలికైంది. పాత రోజులొచ్చినట్టే అనిపించింది.

"బాగుంది," అంది. "అందులో ఒక తమ్ముడున్నాడు. ఇల్లు కూలుతుంటే గుమ్మంలో నిలబడి చూస్తాడు. చివర్లో వచ్చి కావలించుకుని భోరున ఏడుస్తాడు. ఇదివరకైతే ఆ ఏడుపొక్కటే చూసి ఎంత మంచివాడో అనుకునేదాన్ని. ఇవాళ మొదట్నుంచీ చూశాగా." నా కళ్లలోకి చూసి, మామూలుగానే అంది. "చెడ్డవాడు కాదులే. పిరికివాడు."

ఆవిడ వెనకున్నాయన "రెండు ఇవ్వండి, మధ్యలో సీట్లు" అన్నాడు. వదిన పక్కకి తప్పుకుని వెళ్లిపోయింది.

ఆ సినిమా మా దగ్గర ఐదు వారాలు ఆడింది. నా కుర్చీ నుంచి రెండో స్క్రీన్ తలుపు పన్నెండు అడుగులు. భోజనం వేళ వెళ్లి కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. నేను చూడలేదు.